చార్మినార్ చుట్టూ కారు లేని కాపురం

నగరం నడిబొడ్డున కాపురముంటూ, సొంత కారు లేకుండా నిత్యజీవితం సాగించడం సాధ్యమేనా అన్న ప్రశ్నను కొన్ని పాశ్చాత్య నగరాలలో ఒక నూతన ప్రయోగంగా చర్చిస్తుంటారు. మన హైదరాబాదు పాతబస్తీలో ఈ ప్రశ్న వేస్తే విన్నవారు వింతగా చూస్తారు. ఇక్కడ తరతరాలుగా జరుగుతూ వచ్చినది అదే. 2011 జనాభా లెక్కలను చూచితే, దేశం మొత్తం మీద కారో జీపో ఉన్న కుటుంబాలు నూటికి అయిదు కూడా లేవు, 4.7 శాతం మాత్రమే. తరువాత ఎంత పెరిగినదనుకున్నా, కారు లేని కుటుంబమే ఈ దేశంలో సాధారణ కుటుంబం. అట్టి కుటుంబానికి ఈ పురాతన ప్రాంతం ఇచ్చిన సౌకర్యం ఏమిటి, అది ఎందువల్ల తరిగిపోతున్నది అన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచినాము.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్‌ను కట్టించి, దాని నుండి నాలుగు దిక్కులకు నాలుగు బాటలు వేయించినాడు. ఆ బాటలలో నడిచినవి మనుష్యుల కాళ్ళు, పల్లకీలు, గుర్రాలు, ఏనుగులు. కనుక ఊరికి కొలబద్ద మనిషి అడుగే అయినది. మసీదు, బజారు, హౌజు, వైద్యుని ఇల్లు, పాఠశాల అన్నీ ఒకదానికొకటి కేకవేటు దూరంలో వెలసినవి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచివేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఆ మండలి కట్టించిన పత్తర్‌గట్టి దుకాణాల వరుసను మన విద్యార్థులు రోజూ చూస్తూనే ఉన్నారు గాని, దానిలోని ఆలోచనను గమనించినవారు తక్కువ. దుకాణాల ముందు రాతి కమానులతో పొడవైన చావడి. ఆ చావడిలో నడిచేవానికి ఎండ తగలదు, వాన తగలదు. నేటి నగర నిర్మాణ శాస్త్రం పాదచారికి ఏమి కావాలని చెబుతున్నదో దానిని ఆనాటి తాపీపనివారు రాతితో కట్టి చూపించినారు. నేడు ఆ చావడిలో పలుచోట్ల సరుకుల మూటలు, బొమ్మలకు తొడిగిన దుస్తులు నిలువగా, నడిచేవాడు కమాను దాటి ఎండలోకి, వాహనాల మధ్యకు దిగుతున్నాడు.

చార్మినార్‌ను కేంద్రంగా చేసుకొని, ఇరవై అయిదు నిమిషాల నడకను వ్యాసార్ధంగా తీసుకొని, పటంపై ఒక వృత్తం గీచి చూడవలెనని మా సూచన. ఆ వృత్తంలో ఒక సంసారానికి కావలసినవి ఏవి పడతాయో లెక్కించుకొనవచ్చు. మక్కా మసీదు, నిజామియా యునానీ ఆసుపత్రి కట్టడానికి ఆనుకొన్నట్లే ఉన్నవి. గాజులకు లాడ్ బజార్, బంగారానికీ ముత్యాలకూ గుల్జార్ హౌజ్ పరిసరాలు, కూరగాయలకు మీర్ ఆలం మండీ, బట్టలకూ అత్తరుకూ పత్తర్‌గట్టి. ఇంట పెండ్లి కుదిరితే శుభలేఖలకు ఛత్తా బజార్ వెళ్ళవలెను. ఒకప్పుడు అక్కడ ఉర్దూ కాతిబులు కలంతో అక్షరాలు తీర్చి రాయగా రాతి అచ్చు మీద కాగితాలు పడేవి. గణనయంత్రం వచ్చిన తరువాత ఆ చేతిపని సన్నగిలినది గాని వీధి మాత్రం అచ్చుపనినే నమ్ముకొని ఉన్నది. ఉర్దూ, తెలుగు, ఆంగ్ల శుభలేఖలు ఒకే బల్లమీద పరచి చూపుతారు. ఇంకొంచెం సాగితే సాలార్‌జంగ్ మ్యూజియం, నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. పరీక్షల ముందు పుస్తకం కొనలేని విద్యార్థికి ఆ గ్రంథాలయం నడిచి వెళ్ళగల దూరంలో ఉండడం ఎంత భాగ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సామీప్యమే ఇక్కడి సామాన్యుని ఆస్తి. దూరపు కాలనీలో మేడ కట్టుకొన్నవాడు పాలకూ, మందుబిళ్ళకూ బండి తీయవలసినదే. బండి అన్న తరువాత నెలసరి వాయిదా, బీమా, పెట్రోలు, మరమ్మతు, నిలుపుకొనేందుకు చోటు తప్పవు. పాతబస్తీ గృహస్థు ఈ ఖర్చులు లేకుండా అదే పనిని రెండు కాళ్ళతో చేసికొంటున్నాడు. బియ్యం బస్తా వంటి బరువులుంటే ట్రాలీవాడు ఇంటి గుమ్మంలో దింపిపోతాడు. సాయంకాలం వేళ మదీనా చౌరస్తా నుండి చార్మినార్ వరకు కారులో వచ్చిన పెద్దమనిషికంటే నడిచి వచ్చినవాడు ముందు చేరడం అరుదేమీ కాదు; పైగా కారు పెద్దమనిషి ఇంకా బండి నిలపడానికి చోటు వెదుకుతూనే ఉంటాడు.

వృత్తం దాటి పోవలసిన పనులకు బస్సు ఉన్నది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైనది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైనవి, తరువాత యాకుత్‌పురా, ఫలక్‌నుమా స్టేషన్లకు కూడా ఆ సౌకర్యం అందినది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుండి బయలుదేరిన మార్గం మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి మూసీ దగ్గర ఆగినది. ఫలక్‌నుమా వరకు పోవలసిన ఆ మార్గంలో పాతబస్తీ భాగానికి 2024 మార్చిలో గాని శంకుస్థాపన జరుగలేదు. అన్నిటికంటే ఎక్కువమంది నడిచే ప్రాంతానికి రైలు అన్నిటికంటే ఆలస్యంగా రావడం విచారించదగిన విషయం. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రంలో స్త్రీలకు ఆర్టీసీ సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించినారు. దాని లాభనష్టాలపై వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, ఒక ఇంటిలో అన్నకు చార్జీ పెట్టి చెల్లెలి చదువు మాన్పించే లెక్క ఒకటి ఉండేదని, ఆ లెక్క దీనితో మారినదని మేము భావిస్తున్నాము.

వీధి వైశాల్యం పెరిగేది కాదు. ఆ ఉన్న చోటును ఎవరికి పంచవలెనన్నదే అసలు ప్రశ్న. నలభైమంది ఒక బస్సులో వస్తే పన్నెండు మీటర్ల వీధి సరిపోతుంది. వారే ఇద్దరేసి చొప్పున కార్లలో వస్తే ఇరవై కార్లు. ఒకదాని వెనుక ఒకటి తగిలించి నిలిపినా సుమారు ఎనభై మీటర్లు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వీధులలో కదలవలసినది మనుష్యులు, వాహనాలు కావు అనే సూత్రాన్నే అంగీకరించినది. సూత్రం ఢిల్లీలో అంగీకరించడానికీ, శాలిబండ గల్లీలో అమలు కావడానికీ మధ్య దూరం మాత్రం చాలా ఉన్నది.

కారు లేని కాపురం సుఖమేనని మేము వాదించడం లేదు. ఏప్రిల్ ఎండలో కూరగాయల సంచీ మోస్తూ వచ్చే వృద్ధురాలికి, వానాకాలంలో పొంగిన మోరీని దాటే పిల్లవానికి, చీకటి పడిన తరువాత దీపాలు లేని మలుపులో బస్సుకోసం నిలిచే విద్యార్థినికి ఉపన్యాసాలతో పని లేదు. భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పున అడ్డంకి లేకుండా ఉండవలెను. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదు. పాతబస్తీలో అట్టి బాట ఎడతెగకుండా నూరు అడుగులు దొరికితే అదృష్టమే. ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఆ తరువాత గుంట, ఆ పిమ్మట ద్విచక్ర వాహనాల వరుస. కాలిబాట పాదచారి హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమనీ 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

ఈ సందర్భంలో చాలామంది మొదట తోపుడుబండివానిని నిందిస్తారు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించము. 2014 వీధి వ్యాపారుల చట్టం అతనికి రక్షణ కల్పించినది. అతడు కూడా కారు లేనివాడే. పైగా కారు లేనివారికి జామపండూ, జేబురుమాలూ నడిచే దారిలోనే అందించేవాడు. అతనికి ఒక గీత గీచి చోటు చూపితే సర్దుకొంటాడు. ఉదయం నుండి రాత్రి వరకు కదలకుండా పడి ఉండే కారుకు అద్దె అడిగేవారెవరు?

గల్లీలలో ఈ విషయం ప్రాణాపాయానికి కూడా దారితీయగలదు. 2005 ఆగస్టులో 108 అంబులెన్సు సేవ ఆరంభమైన తరువాత అర్ధరాత్రి ఆపదలో కారు లేని ఇంటికి ఒక ధైర్యం కలిగినది. కాని ఇరుకైన గల్లీ మొదట్లో ఎవరో ఒకరు కారు నిలిపి ఇంటికి పోయి నిద్రిస్తే, ఆ అంబులెన్సు బయటనే ఆగిపోతుంది. రోగిని మంచం మీదనో, భుజాల మీదనో మోసుకొని రావలసినదే. కారు లేనివానికి పొరుగువాని కారువల్ల కలిగే ఈ కష్టం ఏ లెక్కలలోనూ చేరదు.

విద్యార్థులకు ఇది పాఠ్యపుస్తకంలో దొరికే విషయం కాదు గనుక ఒక వారం రోజుల పని సూచిస్తున్నాము. ప్రతి ఉదయం కళాశాల ద్వారం దగ్గర ఇద్దరు నిలిచి, నడిచి వచ్చినవారెందరు, బస్సులో వచ్చినవారెందరు, ద్విచక్ర వాహనం మీద, ఆటోలో, కారులో వచ్చినవారెందరు అని గీతలు పెట్టుకొనవలెను. ఏ మూల నుండి ఎంతసేపు పట్టినది, దారిలో ఎక్కడ వీధిలోకి దిగవలసి వచ్చినది అన్నది ఉర్దూలోనూ తెలుగులోనూ అడిగి వ్రాసికొనవలెను. ఆ పట్టికను కమిటీవారు తెప్పించుకొని చూడవలెనని మనవి. ఆవరణలో వాహనాల షెడ్డు విస్తరించే మాట వచ్చినపుడు, మొదటి పీరియడు హాజరు గంటను బస్సు వేళలతో సరిచూచే మాట వచ్చినపుడు, ద్వారం ముందు నిలిచే వాహనాలను తొలగించి నాలుగడుగుల బాట వదిలే మాట వచ్చినపుడు, ఆ పట్టిక బల్లమీద ఉండవలెను. లెక్కించే పని జులైలో తరగతులు కుదుటపడిన తరువాత, వానలు ఉండగానే జరిగితే మంచిది. మోరీలు పొంగిన రోజున ఎవరు ఆలస్యంగా వచ్చినారో కూడా అందులో చేరుతుంది.