మందు మేత పెట్టకముందే చేప ల్యాబుకు రావాలి

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు ఆక్వా ల్యాబుల్లో కొత్తగా చేరినవారికి ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చే పరీక్ష సగం చెరువు గట్టు మీదే గెలుస్తుంది, లేదా ఓడిపోతుంది.

చచ్చి తేలిన శీలావతిని కవర్లో వేసుకొస్తే దాని మీద పరీక్ష పెట్టకండి. చేప చచ్చిన కాసేపటికే పేగుల్లోని బ్యాక్టీరియా ఒళ్లంతా పాకుతుంది. ప్లేటు మీద పెరిగేది అదే కావచ్చు, జబ్బు తెచ్చింది వేరొకటి కావచ్చు. నీరసంగా గట్టు వార తిరిగే చేపలు నాలుగైదు, ప్రాణంతో కావాలని అడగండి. 'నిన్నే మందు కలిపామండీ' అని రైతు అంటే ఆ మాట రిపోర్టులో ఎక్కాలి.

ముందు మొప్పలు, చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడండి. చేప పేను కొరికిన చోట పుండు పడి, తర్వాత ఏరోమోనాస్ బ్యాక్టీరియా చేరడం మామూలే. పేనును వదిలేసి యాంటీబయాటిక్ ఇస్తే డబ్బు దండగ.

నమూనాకు మూత్రపిండం మేలు. చేప ఒంటిని స్పిరిటుతో తుడిచి, మంటలో కాల్చిన కత్తెరతో పొట్ట కోసి, గాలితిత్తిని పక్కకు జరిపితే వెన్నెముకను అంటుకుని ముదురు ఎరుపు పట్టీలా కనిపిస్తుంది. లూపు అందులోకే దిగాలి, పేగుకు తగలకూడదు. పెరిగినవాటిలో ఒక్క కాలనీని విడదీసి, శుద్ధి చేశాకే యాంటీబయాటిక్ డిస్కులు పెట్టండి. కలగాపులగంగా పెరిగిన ప్లేటు మీద, డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని కొలిచినా దానికి అర్థం లేదు.

మనిషి నమూనాల అలవాటుతో ఇంక్యుబేటర్‌ను 35 డిగ్రీల మీద ఉంచేస్తుంటారు. ఏరోమోనాస్, ఎడ్వర్డ్‌సియెల్లా లాంటివాటికి 28 డిగ్రీల దగ్గర 24 నుంచి 28 గంటలు ఉంచాలి. వేడి మారితే వలయం కొలతా మారుతుంది కాబట్టి ఆసుపత్రి చార్టుతో పోల్చడం తప్పు. కాలమ్నారిస్ బ్యాక్టీరియాకైతే పలుచన చేసిన ముల్లర్-హింటన్ మాధ్యమం కావాలి.

నిషేధంలో ఉన్న క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ డిస్కులు అసలు పెట్టొద్దు. వలయం పెద్దగా కనబడితే రైతు అదే కొంటానంటాడు, ఎగుమతి సరుకులో దాని అవశేషం దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది.

ప్లేటు మీద గెలిచిన మందు చెరువులోనూ గెలవాలని లేదు. జబ్బు చేప మేత ముట్టదు, మేతలో కలిపిన మందు ఆరోగ్యంగా ఉన్నవాటి కడుపులోకే పోతుంది. ఆక్సీటెట్రాసైక్లిన్‌ను నీళ్లలో చల్లితే కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుంటాయి. ఇవి రైతుకు విడమరచి చెప్పడం కూడా మీ పనే.

ల్యాబూ మందుల షాపూ ఒకే యజమానివైనచోట ఒత్తిడి తప్పదు. అందుకే వలయాలను మిల్లీమీటర్లలో కొలిచి రిజిస్టర్లో రాయండి, ప్లేటు ఫోటో తేదీతో దాచండి. యాంటీబయాటిక్ అవసరం లేదని తేలితే రిపోర్టులో ఆ మాటే రాసి, కింద మీ సంతకం పెట్టండి.