బ్రిటన్ తరగతి గదిలో కాపీరైట్
● తొలి కాపీరైట్ చట్టంగా పేరొందినది: బ్రిటన్‌లోని ‘స్టాట్యూట్ ఆఫ్ ఆన్’ (1710).
● ప్రస్తుత చట్టం: కాపీరైట్, డిజైన్స్ అండ్ పేటెంట్స్ యాక్ట్–1988.
● సెక్షన్ 32: బోధనలో ఉదాహరణగా, పరీక్ష ప్రశ్నల్లో ఇతరుల రచనలను న్యాయమైన మేరకు (‘ఫెయిర్ డీలింగ్’) వాడుకోవచ్చు. వాణిజ్య ప్రయోజనం ఉండకూడదు. వీలైనంతవరకు మూలాన్ని పేర్కొనాలి.
● సెక్షన్ 34: బడిలో ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందే వేసిన నాటకం బహిరంగ ప్రదర్శన కాదు. తల్లిదండ్రులను ప్రేక్షకులుగా పిలిస్తే ఈ మినహాయింపు వర్తించదు.
● సెక్షన్ 36: విద్యాసంస్థ 12 నెలల్లో ఒక రచనలో 5 శాతానికి మించి కాపీ తీయరాదు. అంటే 200 పేజీల పుస్తకంలో సుమారు 10 పేజీలు. లైసెన్సు అందుబాటులో ఉంటే దాని నిబంధనలే పాటించాలి.
● రచనలపై హక్కు గడువు: రచయిత మరణానంతరం 70 ఏళ్లు; భారత్‌లో 60 ఏళ్లు.
● గమనిక: ‘ఫెయిర్ యూజ్’ అమెరికా విధానం; బ్రిటన్, భారత్‌లలో ఉన్నది ‘ఫెయిర్ డీలింగ్’.