పద్యగాయకుని యెదుట గూర్చుండి వినుట



ఇష్టమైన గాయకుని పాటను ఇంటిలో రికార్డుపై వినుట యొకటి; ఆ గాయకుని యెదుట గూర్చుండి వినుట మఱియొకటి. ఈ రెంటికిని గల భేదమేమి? ఎదుట గూర్చుండి వినువాడు చేయవలసిన పని యేమైన గలదా? ఈ పాఠమున ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుదము. ఉదాహరణమునకు మన పద్యనాటకమును గైకొందము.

1. పాటతో నడచు నాటకము

పాశ్చాత్యదేశములలో పాటతో నడచు నాటకమునకు ఆపెరా యని పేరు. 1607లో ఇటలీలోని మాంటువా నగరమున మాంటెవెర్డీ రచించిన 'ఓర్ఫెయో' ప్రదర్శింపబడెను. నేటికిని ప్రదర్శింపబడుచున్న ఆపెరాలలో అది మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి. మనకు దానికి సన్నిహితమైనది పద్యనాటకము. ఆపెరాలో సంభాషణమంతయు ప్రాయికముగ పాటయే. మన నాటకమున వచనము నడచుచుండగా భావము పొంగినచోట పద్యము వచ్చును. గాయకుడు రాగము నెత్తుకొనునది అచ్చటనే.

ఈ నాటకము పుట్టుకలో కన్నడదేశమునకు భాగము కలదని మన విద్యార్థులు తెలిసికొనవలెను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమున ప్రదర్శనములిచ్చి వెళ్లిరి. వారు విడిచిన పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకములాడించిరి. మనకు దక్షిణమున, తుంగభద్రకు ఆవలనున్న బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) సరసవినోదినీ సభను నెలకొల్పి, నాటకములు వ్రాసి, పాత్రలచేత పాటలు పాడించిరి. వారిని ఆంధ్ర నాటక పితామహులనుట పరిపాటి. కావున పద్యనాటకము మనవారు దూరదేశమునుండి మోసికొనివచ్చిన వస్తువు మాత్రమే గాదు. దాని వేళ్లు కొన్ని ఈ నేలలోనే యున్నవి.

2. గాయకుడు

పద్యగాయకులలో కల్యాణం రఘురామయ్యగారిని స్మరింపని పెద్దలు అరుదు. వారు 1901లో గుంటూరు మండలము సుద్దపల్లిలో జన్మించి, 1975లో దివంగతులైరి. శ్రీకృష్ణ పాత్రకు ప్రసిద్ధులు. వ్రేలు నోటనుంచి, ఈలతోనే రాగములు పలికించెడివారగుటచే 'ఈలపాట' యను మాట వారి పేరునకు ముందు ఇంటిపేరువలె నిలిచిపోయినది. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1975లో పద్మశ్రీ బిరుదమును వారు పొందిరి.

తిరుపతి వేంకట కవుల పాండవ నాటకములలోని శ్రీకృష్ణుని రఘురామయ్యగారును, పీసపాటి నరసింహమూర్తిగారును, షణ్ముఖి ఆంజనేయరాజుగారును ధరించిరి. పద్యములు అవియే, 'పడక సీను' అదియే. అయినను ఒక్కొక్కరి కృష్ణుడు ఒక్కొక్క తీరు. కథ తెలిసియు జనులు మరల మరల ప్రదర్శనమునకు పోవుటకు కారణమిదియే. వారు కథ వినుటకు గాక, తెలిసిన పద్యమును ఈ గాయకుడు ఎట్లు చెప్పునో వినుటకు పోయిరి.

3. రికార్డు, రంగస్థలము

గానమును భద్రపఱచుటలో రికార్డు చేసిన మేలు గొప్పది. 1902లో మిలాన్ నగరమున ఎన్రీకో కరూసో పాడిన రికార్డులు ఆపెరా గానమును లోకమంతట వ్యాపింపజేసినవి. మన నాటక పద్యములును అట్లే గ్రామఫోను పెట్టెలద్వారా పల్లెలకు చేరినవి.

కాని నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ రికార్డుపై ఒక ప్రక్కకు సుమారు మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. రంగస్థలముపై రాగము తీసి, పద్యము చెప్పి, చివరి పాదమున మరల రాగమును విస్తరించి ముగించుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టవచ్చును. కావున రికార్డునకు పాడునపుడు గాయకుడు రాగమును కుదించుకొనవలసి వచ్చెను. నేటి సెల్‌ఫోనులో ఆ హద్దు లేదు. అయినను ఒక లోపము మిగిలియున్నది. ఎదుట నున్న గాయకుడు మనలను చూచుచుండును. సభ నిశ్శబ్దముగ వినుచున్నయెడల రాగమును నెమ్మదిగ పెంచును. సభ చెదరియున్నయెడల పద్యమును త్వరగా ముగించును. రికార్డు ఎవరిని చూచియు మారదు.

కంఠము సంగతి యొకటి గలదు. ఆపెరా గాయకులు మైకు లేకయే వాద్యబృందమును మించి వినబడునట్లు పాడుదురు. శిక్షణ పొందిన వారి కంఠమున, ముఖ్యముగ పురుషుల కంఠమున, సెకనునకు సుమారు 3000 కంపనములచోట ధ్వనిబలము అధికమగుననియు, వాద్యబృందము బలము అచ్చట తక్కువ యగుటచే ఆ కంఠము వేఱుగ వినబడుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన నాటకములకును మైకులు రాకమునుపు గాయకులు హార్మోనియముపై హెచ్చు శ్రుతి నెంచుకొని, చివరి వరుసలోనివానికి సైతము మాట చేరునట్లు పాడిరి.

4. ఎట్లు వినవలెను?

మొదటిది: పద్యమును ముందుగా చదువుకొనవలెను. ఆపెరాకు పోవువారు పాటల పుస్తకమును చేతబట్టుకొని పోవుట పాత ఆచారము. పాడుచున్న మాటల యనువాదమును రంగస్థలము పైభాగమున చూపు పద్ధతి 1983లో కెనడాదేశపు టొరంటో నగరమున ఆరంభమయ్యెను. మన పందిరిలో అట్టి తెర లేదు. మాట మన మనస్సులోనే యుండవలెను. ప్రదర్శనమునకు ముందటి దినమున నాలుగు పద్యములకైనను పెద్దలనడిగి అర్థము తెలిసికొనిపోయిన విద్యార్థి, ఏమియు చదువక పోయినవానికంటె ఎక్కువ వినును.

రెండవది: గాయకుడు ఎచ్చట ఊపిరి తీయుచున్నాడో గమనింపవలెను. ఉత్పలమాలకు పాదమున 20 అక్షరములు, యతి 10వ అక్షరముచోట. చంపకమాలకు 21 అక్షరములు, యతి 11వ అక్షరముచోట. తెలుగున యతి యనగా ఆగుట కాదు. అక్షరముల మైత్రి మాత్రమే. మాట ఆ స్థానమును దాటి సాగవచ్చును; పాదమును సైతము దాటి తర్వాతి పాదములోనికి పోవచ్చును. పాదాంతమున యాంత్రికముగ ఆగువాడు మాటను రెండుగా విఱుచును. నేర్పరియైన గాయకుడు పద్యపు నడక చెడకుండ, మాట విఱుగకుండ, అర్థము పూర్తియైనచోట ఊపిరి తీయును. ఈ యొక్క గుణమును గుర్తింపగలిగినవాడు మంచి శ్రోత యయ్యెనని చెప్పవచ్చును.

మూడవది: రాగము భావమునకు అనుకూలించుచున్నదా యని చూడవలెను. రాయబారమున కృష్ణుడు సంధి కోరునపుడు ఒక కంఠము, యుద్ధమున రానున్న వినాశమును చెప్పునపుడు మఱియొక కంఠము ఉండవలెను. రెంటిని ఒకే తీరున సాగదీసినయెడల గాయకుని శక్తి తెలియును గాని కృష్ణుని మనస్సు తెలియదు.

నాలుగవది: ఒకరు పాడుచుండగా తక్కిన పాత్రలు ఏమి చేయుచున్నారో చూడవలెను. గాయకుని రాగము ఐదు నిమిషములు సాగుచుండగా ఎదుట నున్న దుర్యోధనుడు కొయ్యబొమ్మవలె నిలిచియుండుట నాటకమునకు లోపము. ధర్మవరమువారి మేనల్లుడగు బళ్లారి రాఘవగారు (1880–1946) పాటకంటె నటనకును, మాటలోని భావమునకును ప్రాధాన్యమిచ్చిరి. గాయకుని మెచ్చుకొనువారు కూడ రాఘవగారి పక్షమును తెలిసియుండుట మంచిది.

5. 'వన్స్‌మోర్'

పద్యము ముగియగానే సభలో 'వన్స్‌మోర్' అను కేక లేచుట మన నాటకములకు చిరకాలముగ నున్న ఆచారము. చనిపోయిన పాత్ర లేచి మరల పాడి, మరల చనిపోయిన ముచ్చటలు పెద్దలు చెప్పుకొని నవ్వుదురు. ఈ కోరిక మనవారిది మాత్రమే కాదు. మిలాన్ నగరపు లా స్కాలా నాటకశాలలో నాటకము నడుమ పాటను మరల పాడుట నిషిద్ధముగ నుండెను. 1933 తర్వాత ఆ నియమము తొలిసారిగా 2007లో సడలినది. పెరూదేశపు గాయకుడు హువాన్ డియేగో ఫ్లోరెస్ సభ కోరగా ఒక పాటను మరల పాడెను.

కేక వేయుట తప్పా? తప్పు కాదు. సభ కోరిక వలన నాటకమే పెరిగిన సందర్భము కలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో గుఱ్ఱం జాషువగారి శ్మశాన పద్యములు పాడుట వాడుకయైనది. అవి ఆ నాటకకర్త వ్రాసినవి కావు. గాయకులు పాడిరి, శ్రోతలు కోరిరి, నిలిచిపోయినవి. దేనికి కేక వేయుచున్నామో తెలిసి వేయుటయే ముఖ్యము. ఊపిరి పొడవునకు మాత్రమే చప్పట్లు కొట్టు సభయెదుట గాయకుడు ఊపిరినే పెంచును. అర్థమునకు తల యూపు సభయెదుట అర్థమును పెంచును. ఇట్లు గాయకుని తీర్చిదిద్దుటలో శ్రోతకును పాలు కలదు.

6. మనకేమి ప్రయోజనము?

తుంగభద్ర యెడమగట్టు కాలువ క్రింద సాగుచేయుటకు ఆంధ్రప్రాంతమునుండి వచ్చిన రైతులు ఈ సింధనూరు తాలూకాలో క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. వారి మనుమలు నేడు కన్నడమున చదువుచున్నారు. అది తగినదే, ఉన్నచోటి భాష రానివాడు ఎచ్చటను రాణింపడు. కాని ఇంటిలో వినబడు తెలుగు వంట, పొలము, సంత అను మూడింటితో ముగిసిపోవుచున్నది. ధర్మము, సంధి, శరణు, శపథము వంటి మాటలు నిండు వాక్యములలో పిల్లల చెవిని బడుట అరుదు. లిపి రాని బాలునకు సైతము ఆ మాటలను చెవిద్వారా అందింపగలది పద్యనాటకము. అర్థము తెలిసి వినువారు కొఱవడినచో పద్యము వట్టి కూనిరాగమగును. పిదప దానిని పాడించుకొనవలెనను కోరికయే ఉండదు. గాయకులు లేక కాదు, శ్రోతలు లేక ఈ కళ మనయందు నశించు భయము కలదు.

ఇందు కన్నడ పాఠమునకు విఘ్నమేమియు లేదు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము తెలుగు కవులకును కన్నడ కవులకును ఉమ్మడి వృత్తములు. 10వ శతాబ్దిలో పంపకవి, 11వ శతాబ్దిలో నన్నయభట్టు వీనిని వాడిరి. పంపకవి సోదరుడగు జినవల్లభుడు కుర్క్యాల శాసనమున సంస్కృతముతోపాటు కన్నడమును, తెలుగును చెక్కించెను. తెలుగు చంపకమాలను చెవితో గుర్తుపట్టగల విద్యార్థికి కన్నడ తరగతిలో పంపభారత పద్యపు నడక క్రొత్తగా నుండదు.

అభ్యాసము

(1) మీ క్యాంపులో పద్యములు నోటికి వచ్చిన పెద్దనొకరిని కలిసి, ఒక పద్యమును వారిచేత చదివించి, అర్థమును వ్రాసికొనుడు.

(2) ఆ పద్యమునే రికార్డుపై ఇద్దరు గాయకుల నోట విని, ఎవరు ఎచ్చట ఊపిరి తీసిరో గుర్తింపుడు.

(3) ఈ సమీపమున నాటకమాడునపుడు ముందు వరుసలో గూర్చుండి అదే పద్యమును వినుడు. రికార్డులో లేనిదేమి వినబడెనో పది వాక్యములలో వ్రాయుడు.

(4) కన్నడ వాచకమునుండి ఒక చంపకమాలను ఎత్తి వ్రాసి, గణవిభజన చేసి, మీ కన్నడ ఉపాధ్యాయునకు చూపుడు.