చిన్న ట్రాక్టరుకు అదనపు హైడ్రాలిక్ వాల్వు: అప్పు తీసుకునే ముందు చూడవలసినవి

పండ్ల తోటలలో వరుసల మధ్య తిరగడానికి 30 అశ్వశక్తి లోపు గల చిన్న ట్రాక్టర్లు అనువైనవి. వీటిని కొన్న రైతు సోదరులు పలువురు, ఏడాది రెండేళ్లు గడిచాక మరొక కోరికతో మా శాఖకు వస్తుంటారు. జాకీతో ఎత్తిపోసే ట్రక్కునో, హైడ్రాలిక్ పల్టీ నాగలినో నడిపేందుకు ట్రాక్టరు వెనుక అదనపు వాల్వు పెట్టించుకోవాలన్నది ఆ కోరిక. అది సమంజసమైనదే. కాని సీటు మార్పించినంత తేలికైన పని మాత్రం కాదు.

ముందుగా ఒక మాట. కేవలం ట్రక్కు ఎత్తడమే మీ అవసరమైతే కొత్త వాల్వు అక్కరలేకపోవచ్చును. చాలా ట్రాక్టర్లలో లిఫ్టు నుండి బయటకు ఆయిలు తీసుకునే దారి ఒకటి తయారీలోనే ఉంటుంది. ఈ సంగతి డీలరును అడిగి తెలుసుకున్న తరువాతనే అప్పు మాట తలపెట్టడం మంచిది. ట్రక్కు జాకీకి ఒక పైపు చాలును. ట్రక్కు తన బరువుతో తానే దిగుతుంది. పల్టీ నాగలిని అటూ ఇటూ తిప్పడానికి మాత్రం రెండు పైపుల డబుల్ యాక్టింగ్ వాల్వు అవసరమవుతుంది.

ఇంజను తిరుగుతున్నంతసేపు గేరు పంపు ఆయిలును నెడుతూనే ఉంటుంది. పని లేనప్పుడు ఆ ఆయిలు లిఫ్టు కంట్రోలు గుండా పోయి తిరిగి ట్యాంకును చేరుతుంది. చిన్న ట్రాక్టర్లలో సాధారణంగా కనిపించే ఈ అమరికను ఓపెన్ సెంటర్ పద్ధతి అంటారు. అదనపు వాల్వును పంపుకూ లిఫ్టుకూ నడుమ అమర్చవలసి ఉంటుంది. కాలువ మీద కొత్త తూము పెట్టడం వంటిదే ఇది. తూము మూసినప్పుడు నీరు దిగువ ఆయకట్టుకు పోవాలి కదా! అందుచేత వాల్వుకు పంపు నుండి వచ్చే దారి, ట్యాంకుకు తిరిగిపోయే దారి గాక, లిఫ్టుకు సాగే మూడవ దారి కూడా విడిగా ఉండితీరాలి. దీనినే పవర్ బియాండ్ అంటారు.

ఈ మూడవ దారి విషయంలో నేనే ఒకసారి పొరబడ్డాను. ఒక రైతు తెచ్చిన కొటేషనులో ‘హైడ్రాలిక్ వాల్వు సెట్టు, బిగింపుతో సహా’ అని మాత్రమే ఉంది. ధర సబబుగా తోచి సిఫారసు చేశాను. బిగించినది రెండు దారుల వాల్వు. ట్యాంకుకు పోవలసిన దారినే మెకానిక్కు లిఫ్టుకు కలిపాడు. ట్రక్కు చక్కగా లేచింది, అందరమూ సంతోషించాము. అయితే లిఫ్టు ఎత్తిన ప్రతిసారీ పూర్తి పీడనం వాల్వులోని తిరుగుదారి మీద పడుతోంది. ఆ దారి అంతటి పీడనానికి తయారైనది కాదు. తొలకరి దుక్కి వేళ రోటవేటరు ఎత్తగానే వాల్వు పగిలి ఆయిలంతా చేనిపాలయింది. సొంత ట్రాక్టరు చావడిలో ఉండగా ఆ రైతు అద్దె ట్రాక్టరుతో దున్నించుకోవలసి వచ్చింది. ఆయన నన్ను నిందించలేదు. “సార్, ఈ మూడో దారి లేదని కాగితంలో రాసి ఉంటే మీకైనా తెలిసేదా?” అని మాత్రం అడిగారు. అప్పుడు తెలిసేది కాదు.

రెండవ విషయం ఆయిలు పరిమాణం. 10 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల పొడవు సాగే జాకీ పూర్తిగా లేవడానికి సుమారు 4.7 లీటర్ల ఆయిలు పడుతుంది. అదంతా ట్రాక్టరు నుండి పోవలసినదే. గేరుబాక్సుకూ హైడ్రాలిక్కుకూ ఒకే ఆయిలు వాడే చిన్న ట్రాక్టరులో మట్టం అంతగా తగ్గితే పంపు గాలి పీల్చి, ఆయిలు నురగలెత్తి, పంపు అరిగిపోతుంది. బయటకు ఎన్ని లీటర్లు తీయవచ్చునో మాన్యువల్‌లో చూడండి. పొరుగువారి ట్రక్కు తగిలిస్తే దాని జాకీలోని మురికి ఆయిలు మీ గేరుబాక్సులోకి వస్తుందని మరువకండి.

ట్రక్కు నెమ్మదిగా లేస్తోందని రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించేవారున్నారు. ఇది పొరపాటు. వేగం పంపు ఇచ్చే లీటర్లను బట్టి, బలం పీడనాన్ని బట్టి ఉంటుంది. పంపు నిమిషానికి 15 లీటర్లు ఇస్తే పై జాకీ లేవడానికి 19 సెకన్లు పడుతుంది. స్క్రూ ఎంత బిగించినా అది తగ్గదు. పీడనం చదరపు సెంటీమీటరుకు 150 కిలోలైతే ఆ జాకీ 11 టన్నులకు పైగా నెట్టగలదు. చిన్న ట్రక్కుకు ఇంతకన్నా ఏమి కావాలి? మధ్యప్రదేశ్‌లోని బుద్నీ సంస్థ పరీక్షించిన ట్రాక్టర్ల నివేదికలలో పంపు వివరాలు ఉంటాయి, డీలరును అడగవచ్చును.

డీలర్లకు మనవి: కొటేషనులో వాల్వు రకం, పవర్ బియాండ్ దారి ఉన్నదీ లేనిదీ, హోసుల పీడన సామర్థ్యం, ఈ మార్పు వల్ల ట్రాక్టరు వారంటీ నిలుస్తుందో లేదో స్పష్టంగా వ్రాయండి. రైతులు కూడా, ట్రాక్టరు బ్యాంకుకు హైపోథికేషనులో ఉన్నంతకాలం, మార్పుకు ముందే శాఖకు తెలియజేయాలి. 2025 జనవరి 1 నుండి పూచీకత్తు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు రూ. 1.6 లక్షల నుండి రూ. 2 లక్షలకు పెంచింది. అయితే ఇది ఒక్కొక్క రుణగ్రహీతకు వర్తించే పరిమితి గనుక, మీ పాత బాకీలను కూడా శాఖలో చెప్పి సరిచూసుకోండి.

బిగించిన తరువాత హోసు కారుతున్నదేమో చేతితో తడిమి చూడవద్దు. సూదిమొనంత రంధ్రం నుండి వచ్చే ఆయిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. కారుడును అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఎత్తిన ట్రక్కు క్రింద పని ఉంటే, జాకీని నమ్మక, గట్టి ఇనుప ఊత పెట్టిన పిమ్మటనే వంగండి.