ఊపిరితిత్తి యను పదము

గడచిన సంవత్సరము శరీరశాస్త్రపాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, ఊపిరితిత్తియు తిత్తియే గదా! అందు బొగ్గుదుమ్ము పడినచో దులుపరాదా?" అని యడిగెను. అతని తండ్రి గనిలో పనిచేయువాడు. మన రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఈ ప్రశ్న ప్రతి యింటికిని సంబంధించినదే కావున, నాడు క్లుప్తముగా చెప్పిన సమాధానమును ఇచట విపులముగా వ్రాయుచున్నాను.

తిత్తి యనగా తోలుసంచి. కమ్మరి నిప్పు రాజవేయుటకు గాలి నూదునది కొలిమితిత్తి. వాద్యములలో శ్రుతి పట్టునది శ్రుతితిత్తి. తెలుగు బైబిలునందు మత్తయి సువార్త 9వ అధ్యాయమున ద్రాక్షారసము పోయు తోలుసంచికిని ఈ పేరే కలదు. మానవదేహమునే తోలుతిత్తి యనుటయు కలదు. కావున ఊపిరిని పట్టు సంచి ఊపిరితిత్తి యైనది.

సంస్కృతమున దీనిని ఫుప్ఫుసమందురు. సుశ్రుతసంహిత శారీరస్థానమున హృదయమునకు దిగువ ఎడమప్రక్క ప్లీహమును ఫుప్ఫుసమును, కుడిప్రక్క యకృత్తును క్లోమమును చెప్పబడినవి. ఆ క్లోమము కుడి ఊపిరితిత్తియే యని కొందరు పండితుల మతము. నేటి పాఠ్యపుస్తకములలో క్లోమమనగా వేరొక జీర్ణగ్రంథి. పదమొకటియే యైనను కాలమునుబట్టి అర్థము మారుట కిది నిదర్శనము. శ్వాసకోశమను మాటలోని కోశమునకును సంచి యనియే యర్థము.

ఈ పోలిక కొంతవరకు మిక్కిలి సరియైనది. కొలిమితిత్తి తనంత తాను ఆడదు. కమ్మరి చేయి ఆడింపవలెను. ఊపిరితిత్తులును అట్టివే. ఉదరవితానమును ప్రక్కటెముకల కండరములును వానిని ఆడించును.

అయితే ఊపిరితిత్తి ఒకే బోలుసంచి కాదు. వాయునాళము కొమ్మలుగా చీలి, తుదకు కోట్లకొలది సూక్ష్మమైన గాలిగదులుగా ముగియును. ముతకదుమ్ము ముక్కునందును నాళములందును జిగటకు అంటుకొని, చీమిడితోను దగ్గుతోను వెలికి వచ్చును. మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె సన్నని రేణువులు మాత్రము ఆ గదులను చేరగలవు. అవి ఏండ్లతరబడి అచటనే పేరుకొన్నచో మెత్తని కణజాలము మచ్చలు పడి గట్టిపడును. ఈ వ్యాధికి న్యుమోకోనియోసిస్ అని పేరు. గ్రీకుభాషలో న్యుమోన్ అనగా ఊపిరితిత్తి, కోనిస్ అనగా దుమ్ము.

కావున, నాయనలారా, తోలుతిత్తిని తిరుగవేసి దులుపవచ్చును, ఊపిరితిత్తిని దులుపలేము. గట్టిపడిన భాగమును మరల మెత్తపరచు ఔషధము లేదు. దుమ్ము లోనికి పోకుండ చూచుకొనుటయే మార్గము. బొగ్గుపై నీరు చల్లుటయు, ముఖమునకు తొడుగు ధరించుటయు ఇందులకే. గనికార్మికులకు ఐదేండ్లకు మించని వ్యవధిలో వైద్యపరీక్ష జరుపవలెనని 1955 నాటి గనుల నియమములు విధించినవి. తండ్రులు ఆ పరీక్షను తప్పించుకొనరాదు. చుట్ట, బీడీ మానుట మరియు మేలు.

ఆ బాలుడు నాటి సాయంకాలమే ఇంటికి పోయి ఈ సంగతి తండ్రికి చెప్పెనట. మీరును చెప్పుడు.