వంటగ్యాసు: కొండ ఇంట, కడలి పడవలో

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని డుంబ్రిగుడ మండలంలో కట్టెపొయ్యి నేటికీ పూర్తిగా ఆరలేదు. అయితే 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన దీపం పథకం, 2016లో దేశమంతట మొదలైన ఉజ్వల పథకం మూలంగా గ్యాసుబండ కొండ ఇండ్లకు కూడ చేరినది. కట్టె మంట కంటికి కనిపిస్తుంది. దానితో మెలిగే తీరు తల్లినుండి బిడ్డకు సంక్రమించినది. గ్యాసు కంటికి కనిపించదు. దానిని గూర్చిన తెలివిడి తరతరాలుగా వచ్చినది కాదు. చదువుకొనే వారే దానిని ఇంటికి చేర్చవలెను. అందుచేత విద్యార్థుల ఉపయోగార్థం ఈ విషయాన్ని క్లుప్తంగా వివరించదలచాము.

గ్యాసు స్వభావం

మనం వంటకు వాడేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమం. ఒత్తిడి వలన అది బండలో ద్రవరూపంలో ఉంటుంది. ఆ ద్రవం బయటపడితే సుమారు 250 రెట్ల పరిమాణం గల వాయువుగా మారుతుంది. గాలిలో దాని పాలు సుమారు 2 నుండి 9 శాతం వరకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి సహజంగా వాసన లేనందున, లీకును పసిగట్టడానికి ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు.

అన్నిటికంటె ముఖ్యమైన గుణం ఒకటి కలదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. పొగ పైకి పోతుంది. గ్యాసు నేలకు దిగి, నీటివలె పల్లానికి చేరి, అక్కడే నిలుస్తుంది. ఈ ఒక్క సూత్రం మనసుకు పట్టినచో జాగ్రత్తలలో చాలామటుకు వాటంతట అవే బోధపడతాయి.

పడవ నేర్పే పాఠం

ఈ సూత్రాన్ని స్పష్టంగా చూడదగిన చోటు పడవ. విశాఖపట్నం రేవునుండి రోజుల తరబడి వేటకు పోయే మరపడవలలో గ్యాసుమీద వంట చేసుకొంటారు. పడవ అడుగు గిన్నె వంటిది. నీరు చొరరాకుండ కట్టినది గనుక, లోపల చేరిన గ్యాసును బయటకు పోనివ్వదు. ఇంజను, విద్యుత్తు తీగలు కూడ ఆ అడుగు భాగంలోనే ఉంటాయి. కనుక బండను లోపల గాక పడవ పైభాగాన, ప్రత్యేకమైన పెట్టెలో, నిలువుగా కట్టి ఉంచవలెను. పెట్టె అడుగున ఉన్న రంధ్రం పడవ వెలుపలికే తెరచుకోవలెను. పడవ ఊగినా పొయ్యి కదలకుండ బిగించి, గిన్నె జారకుండ చుట్టూ కడ్డీ అమర్చవలెను. ఉప్పుగాలికి రెగ్యులేటరు, బిగింపులు తుప్పు పడతాయి గనుక ప్రతి ప్రయాణానికి ముందు పరీక్షించవలెను. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో అనేక మరపడవలు దగ్ధమైనప్పుడు, వాటిలోని డీజిలు, గ్యాసుబండలు మంటను మరింత పెంచాయి.

కొండ ఇంట

డుంబ్రిగుడకు సముద్రం దూరమే గాని, పడవ అడుగు వంటి గది దూరం కాదు. చలికాలంలో అరకు ప్రాంతాన ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోయే రోజులు కలవు. అప్పుడు తలుపు బిగించి, సందులలో గుడ్డలు దోపినచో ఆ గది కూడ గ్యాసును నిలువచేసే గిన్నెయే అవుతుంది. అదే గదిలో కట్టెపొయ్యి గాని, చలి కాచుకొనే కుంపటి గాని ఉంటే, గ్యాసు దిగి నిలిచే నేలమీదనే నిప్పు కాచుకొని ఉన్నట్లు లెక్క. కావున రెండు పొయ్యిలు ఒకే గదిలో ఉండరాదు. నేలమట్టాన గాలి బయటకు పోయే దారి తప్పక ఉండవలెను.

చలికి మంట మందగించడం సహజం. బ్యూటేన్ సున్న డిగ్రీల చెంత ఆవిరి కావడం మానుతుంది. ఆ కారణాన బండను వేడినీటిలో ఉంచడం, నిప్పు దగ్గర పెట్టడం, పక్కకు వాల్చడం మిక్కిలి ప్రమాదకరం. వాల్చిన బండనుండి ద్రవమే గొట్టంలోకి రావచ్చును. ఘాటు దారిలో జీపులోనో, ఆటోలోనో తెచ్చేటప్పుడు కూడ బండను మూత బిగించి నిలువుగానే తేవలెను.

నిత్యం పాటించవలసినవి

1. బండ నేలమీద, పొయ్యి అంతకంటె ఎత్తైన గట్టుమీద ఉండవలెను.
2. బండ మెడ వద్ద నిలువు పట్టీ లోపలివైపు ఉన్న పరీక్షా గడువును చూడవలెను. ఏ, బి, సి, డి అక్షరాలు సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలు. ‘సి-28’ అనగా 2028 జులై-సెప్టెంబరు.
3. రబ్బరు గొట్టాన్ని ఐదేండ్లకు ఒకసారి తప్పక మార్చవలెను. పగులు కనబడితే అంతకు ముందే మార్చవలెను.
4. అతుకులను సబ్బునీటితో పరీక్షించవలెను. బుడగలు లేస్తే లీకు ఉన్నట్లే. అగ్గిపుల్లతో పరీక్షించరాదు.
5. వంట ముగిసిన పిదప రెగ్యులేటరును కూడ కట్టివేయవలెను.

వాసన వచ్చినప్పుడు

ముందుగా మంటలన్నిటినీ ఆర్పి, రెగ్యులేటరును కట్టి, తలుపులు, కిటికీలు తెరవవలెను. విద్యుత్తు స్విచ్చిని వేయరాదు, ఆర్పరాదు. రెండింటిలోను నిప్పురవ్వ పుట్టవచ్చును. వీలైతే బండకు మూత బిగించి ఆరుబయటకు చేర్చవలెను. పిదప ఇంటికి దూరంగా పోయి 1906 అను అత్యవసర సంఖ్యకు ఫోను చేయవలెను.

కడలిలో పడవ, కొండపై ఇల్లు వేరువేరుగా కనిపించినా గ్యాసు ఎక్కడైనను పల్లానికే దిగుతుంది. ఈ వ్యాసం చదివిన విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు, గొట్టం వయస్సును, తలుపు కింది సందును ఒక్కసారి పరిశీలించి, తాము తెలుసుకొన్నది వంట చేసే తల్లికి చెప్పగలరని ఆశిస్తున్నాము.