'సెల్' అను మాట

నేడు పల్లెలలో సైతము 'సెల్లు' అనగా చేతిలోని ఫోనే. కాని ఈ ఆంగ్లపదమునకు మూలమైన లాటిన్ మాట 'సెల్లా'కు చిన్నగది అని అర్థము. క్రైస్తవ సన్న్యాసులు ఒంటరిగా ధ్యానించు గదికి ఆ పేరు చెల్లెను. పిమ్మట చెరసాలకు ప్రాకెను. పోర్టుబ్లెయరులో 1906లో పూర్తియైన కారాగారమునకు సెల్యులార్ జైలని పేరు వచ్చుట ఇందువలననే. అచ్చట ఖైదీకొక గది. ఒక వరుస గదుల ముంగిలి మరొక వరుస వెనుకగోడను చూచుచుండును. గదిలోనున్న దేశభక్తునకు తోటిఖైదీ ముఖమైనను కానరాకుండెను.

1665లో రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, సీసాలకు బిరడాగా వాడు బెరడును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. తేనెపట్టు గదులవంటివి కనబడగా వానిని 'సెల్లులు' అనెను. నిజమునకు ఆయన చూచినవి జీవముడిగిన గోడలే. లోపల నుండవలసిన జీవపదార్థము అందు లేదు. బోలుగదికి పెట్టిన పేరే సజీవమైన కణమునకును నిలిచిపోయినది!

టార్చిలైటులో వేయు సెల్లును మన పాఠ్యగ్రంథములు ఘటమనును.

ఇక ఫోనుమాట. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు ఒక పద్ధతిని యోచించిరి. దాని ప్రకారము నేలను చిన్నచిన్న గడులుగా విభజించి, ఆ గడులకు ప్రసారస్తంభములు నిలుపుదురు. మాటలాడుచు ప్రయాణించువాడు ఒక గడి దాటగానే అతని సంభాషణను ముందున్న స్తంభము అందుకొనును. ఆ గడికే సెల్ అని పేరు, ఫోనుకు కాదు.